పీనుగ వేషం

నేల మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకోండి అన్నాడు సారు. మూసుకున్నాను. మూసుకోగానే ఇంట్లో కుళాయి కనిపించింది. ఆదివారం పొద్దున నీళ్ళు వదిలే వేళ అది. కోడలు బిందెలు పెట్టిందో లేదో. పెట్టకపోతే మళ్ళీ ఎప్పుడు వదులుతారో ఎవరికీ తెలియదు. కుళాయి పోయి పొయ్యి వచ్చింది. పొయ్యి పోయి, ఎప్పుడో ఇటుకలు మోసిన ఒక కట్టడం మెట్లు వచ్చాయి. సారు మాత్రం, "కాలి బొటనవేలి దగ్గర మొదలుపెట్టండి. అక్కడ ఏముందో చూడండి. ఏమీ మార్చకండి, ఊరికే చూడండి," అంటున్నాడు. నా బొటనవేలు ఎవరి మాటా వినేటట్టు లేదు. ఆడుతూనే ఉంది.

మా తమిళనాడు ధర్మపురి బస్టాండుకు దగ్గర్లో పైపులు అమ్మే అంగడి ఒకటుంది. దాని మీది హాలులో ఆదివారాలు నాటకం నేర్పుతారు. అక్కడ నేను విద్యార్థిని. ఈ మాట రాస్తుంటే నాకే నవ్వొస్తుంది, కానీ నిజం. నాతో పాటు నేర్చుకునేవాళ్ళలో కాలేజీ పిల్లలు ఎక్కువ. బ్యాంకులో పనిచేసే ఒకాయన ఉన్నాడు, బట్టల అంగడి అమ్మాయిలు ఉన్నారు. నెరిసిన తల నాదొక్కటే. సారుకు నా కొడుకు వయసు.

నేను ఎట్లా చేరానో చెప్పాలి. జీవితమంతా కట్టడాల దగ్గర ఇసుక, ఇటుక, సిమెంటు మోశాను. మేము తరతరాలుగా ఇక్కడివాళ్ళమే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మాట్లాడటం రెండూ వచ్చు, చదవడం రెండూ వచ్చేది కాదు. తమిళ అక్షరాలు తల నెరవడం మొదలయ్యాక నేర్చుకున్నాను, బస్సు బోర్డు చూసి ఇంకొకరిని అడగకుండా ఎక్కాలని. తెలుగు అక్షరాలు ఆ తరువాత నా కోడలు నేర్పింది. ఆమె కుప్పం పిల్ల, తెలుగు బడిలో చదివింది. ఇది రాస్తుంటే తప్పులు ఆమే దిద్దింది. మాట మోటుగా ఉన్నచోట మాత్రం దిద్దనివ్వలేదు. అది నా మాట.

నడుము పట్టేసి పని మానుకున్నాక నాకు ఇంట్లో నిలకడ లేదు. ఒకరోజు బస్టాండులో మా సోగత్తూరు బస్సు కోసం నిలబడి గోడ మీది కాగితం కూడబలుక్కుంటూ చదివాను. నాటకం నేర్పుతామని ఒక ముక్క, వయసుతో పని లేదని ఇంకో ముక్క. రెండో ముక్క అయ్యేసరికి బస్సు వెళ్ళిపోయింది. పని జాగాలో టీ తాగే వేళకు నేను ఇంజనీరు నడక నడిచి చూపిస్తే ఆడవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. వేషం కట్టడమంటే అదే అనుకుని ఆ మెట్లెక్కాను. ఎక్కితే వీళ్ళు పడుకోమన్నారు.

రెండోసారి పోయినప్పుడు పడుకోవడం లేదు, కూర్చోవడం. కుర్చీలో నడుము నిటారుగా పెట్టి, పాదాలు నేలకు ఆనించి, ఊపిరి ఎక్కడ తగులుతోందో గమనించాలి. అందరూ గుడిలో బొమ్మల్లా కూర్చున్నారు. నా కాలు దడదడా ఆడుతోంది. ఆ కాలు ఆడినప్పుడల్లా కుర్చీ కిర్రుమంటోంది. సారు నా దగ్గరికి వచ్చి, చెవి దగ్గర వంగి, మెల్లగా తమిళంలో అన్నాడు: "అమ్మా, మనసు ఎక్కడెక్కడో పోతోంది. ఉడంబ కిట్ట వెచ్చుక్కంగ."

ఉడంబు అంటే ఒళ్ళు. కిట్ట అంటే దగ్గర. వెచ్చుక్కంగ అంటే పెట్టుకోండి. తమిళం విన్నా నా బుర్ర తెలుగులోకి తిప్పుకుంటుంది, అది నా చేతిలో లేదు. తిప్పుకున్నాక నాకు వినిపించింది ఇది: ఒళ్ళు దగ్గర పెట్టుకో.

మా ఇంట్లో ఆ మాట వేలు చూపించకుండా ఎవరూ అనరు. మా నాయన నన్ను అన్నాడు. నేను నా కొడుకును అన్నాను. ఒకసారి చెయ్యి పట్టుకోబోయిన మేస్త్రీని పార ఎత్తి మరీ అన్నాను. ఇప్పుడు కొడుకు వయసువాడు, అందరి ముందూ, నన్ను.

లేచి నిలబడ్డాను. సగం తమిళం, సగం తెలుగు. "నేనేం చేసినానని ఒళ్ళు దగ్గర పెట్టుకోమంటాండావు? కాలు ఆడితే బెదిరిస్తావా? నీ అంత కొడుకుండాడు నాకు."

అందరూ కళ్ళు తెరిచారు. సారు రెండు చేతులూ జోడించాడు. "తప్పుగా ఏమన్నానమ్మా?" అన్నాడు. ఏమన్నాడో ఆయనకు నిజంగానే తెలియదు.

వెనక వరసలో ఒక పిల్ల పడీ పడీ నవ్వుతోంది. మారండహళ్ళి నుంచి వచ్చే కాలేజీ పిల్ల. వాళ్ళింట్లోనూ తెలుగే. నవ్వు ఆపుకుని, "సార్, అవ్వ మీరు కొడతామన్నారనుకుంది," అని తమిళంలో చెప్పి, మా ఇళ్ళల్లో ఆ మాట ఎప్పుడు వాడతారో వివరించింది. వివరిస్తూ వేలు కూడా చూపించింది.

సారు నా వైపు తిరిగాడు. "అయితే బెదిరించకుండా ఇదే మాట మీ భాషలో ఎలా అంటారమ్మా?" అని అడిగాడు.

నాకు తోచలేదు. ఇంటికొచ్చి కోడలిని అడిగాను. ఆమెకూ తోచలేదు. "ఒళ్ళు జాగ్రత్త అంటారు కదత్తా," అంది. అది ఊరికి పొయ్యేవాళ్ళకు చెప్పే మాట. ఒంటితో కాసేపు కూర్చోమని ఒక మనిషికి మెత్తగా చెప్పాల్సిన అవసరం మా వాళ్ళకు ఎప్పుడూ పడినట్టు లేదు. ఆ తరువాత చాలా వారాలు తమిళ పిల్లలు ఒకరికొకరు వేలు చూపించుకుంటూ, వంకర యాసతో, "ఒళ్ళు దగ్గర పెట్టుకో" అనుకునేవాళ్ళు. నన్ను చూసి మరీ అనేవాళ్ళు. నేను కూడా అనేదాన్ని, నేను అన్నప్పుడు కొంచెం భయపడేవాళ్ళు.

సారు ప్రతి ఆదివారం ముందు ఈ పనే చేయించేవాడు. ఒంటిని కాలి నుంచి తల దాకా చూసుకోవడం. నటించేవాడికి తన ఒళ్ళే పనిముట్టు, పనిముట్టు ఎక్కడ మొద్దుబారిందో తెలియకుండా పని ఎట్లా చేస్తారు అనేవాడు. అది నాకు అర్థమయ్యింది. అర్థం కానిది, ఇంత నిదానంగా ఎందుకు అని. అయ్యాక ఒక్కొక్కరినీ ఏం కనిపించింది అని అడిగేవాడు. ఒకరు ప్రశాంతం అనేవాళ్ళు. బ్యాంకాయన వెలుగు అన్నాడు. నన్ను అడిగితే, "దురద," అన్నాను.

అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. "ఎక్కడ?"

"వీపున. చెయ్యి అందని చోట."

"మొదలైనప్పుడు ఎట్లా ఉంది, ముదిరాక ఎట్లా ఉంది?"

దురదకు మొదలు కూడా ఉంటుందని నేను అనుకోలేదు. ఆ తరువాత కాచుకుని చూశాను. ఉంటుంది. ముందు ఒక పోగంత సన్నగా ఉంటుంది, ఉందా లేదా అన్నట్టు. ఆ తరువాత చుట్టూ పాకుతుంది. ఊరికే చూస్తూ ఉంటే దానంతటదే పోతుందని సారు చెప్పాడు. నాది పోలేదు. గోక్కున్నాను.

నా కాళ్ళ సంగతి వేరు. పని జాగాలో సుమ్మా నిలబడకూడదు. సుమ్మా అంటే తమిళంలో ఊరికే అని, మేమూ తెలుగులో అదే వాడతాము. తట్ట దించి ఊపిరి తీసుకునేటప్పుడు కూడా చేతిలో ఏదో ఒకటి ఉండాలి, చీపురైనా సరే. మేస్త్రీ కన్ను ఇటు తిరిగిందంటే కాలు కదలాలి. పని లేకపోయినా కదలాలి. సుమ్మా నిలబడిందని ఒకసారి పేరు పడితే మర్నాడు పిలవరు. అట్లా కదిలీ కదిలీ ఇప్పుడు చూసే మేస్త్రీ లేకపోయినా కాళ్ళు వాడి కోసం కదులుతున్నాయి. ఇది సారుతో చెప్పాను. ఆయన, "అయితే ఆపకండి. కదలిక ఎక్కడ మొదలవుతోందో మాత్రం చూడండి," అన్నాడు. బస్సులో వస్తూ పోతూ చూశాను. కుడి మడమలో మొదలవుతుంది. మడమ లోపల ఎవరో తలుపు తట్టినట్టు. తెలుసుకున్నాను గానీ, తెలుసుకున్నందుకు ఆగలేదు.

నిదానంగా నడవడం ఇంకా కష్టం. మడమ, అరికాలు, వేళ్ళు, ఒక్కొక్కటే నేలకు ఆనిస్తూ నడవాలి. ఇసుక తట్ట తల మీద పెట్టుకుని ఊగే పలక మీద నడిచి పైఅంతస్తుకు ఎక్కినదాన్ని, చదునైన గచ్చు మీద పక్కకు ఒరిగి పడబోయాను. మారండహళ్ళి పిల్ల పట్టుకుంది. "అవ్వా, తట్ట తెచ్చేదా?" అంది.

"తే. నిన్ను దాంట్లో కూకోబెట్టుకోని నడుస్తా," అన్నాను.

ఆ పిల్లంటే నాకు ఇష్టమే. ఆ ఇష్టం ఎంతవరకో తరువాత తెలిసింది.

కొన్ని నెలలు ఇట్లా అయ్యాక సారు నాటకం కట్టాడు. మేమందరం మా ఇళ్ళ గురించి చెప్పుకున్నవే కలిపి కట్టాడు. ఒక ఇల్లు. పొద్దున్నే అందరూ పనులకు పరుగులు పెడుతుంటారు. నడింట్లో ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని ఉంటుంది. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఆమెతో మాట్లాడుతుంటారు, ఏదో అడుగుతుంటారు, జవాబు కోసం ఎవరూ ఆగరు. ఆమె తెల్లవారుజామునే ప్రాణం వదిలేసింది. అది ఇంట్లోవాళ్ళకు తెలియడంతో నాటకం ముగుస్తుంది.

చెప్పడం అయ్యాక సారు నా వైపు చూశాడు.

"పీనుగ వేషమా?" అన్నాను.

"నాటకమంతా ఆమె మీదే నడుస్తుందమ్మా."

"మాట ఉందా?"

"లేదు."

"ఏడుపు, నవ్వు?"

"ఏమీ లేదు. ఊపిరి తీస్తున్నట్టు కూడా కనిపించకూడదు."

ఆ వేషం నాకు కావాలనిపించింది. గట్టిగా కావాలనిపించింది. ఎందుకంటే చెప్తాను. లెక్క లేనన్ని ఇళ్ళకు నేను ఇటుక మోశాను. గృహప్రవేశం రోజున మమ్మల్ని పిలుస్తారు, చీర పెడతారు, అందరి భోజనాలూ అయ్యాక పెరట్లో ఆకు వేస్తారు. అన్నం బాగానే పెడతారు, అబద్ధం చెప్పకూడదు. కానీ నేను కట్టిన ఏ ఇంట్లోనూ నడింట్లో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టినవాళ్ళు లేరు. ఇందులో నాటకం మొదలు నుంచి చివరిదాకా కుర్చీ నాది. పైగా మొదటి ప్రదర్శన మా సోగత్తూరులోనే, రేషన్ అంగడి ముందు ఖాళీ జాగాలో. మా వీధివీధంతా వస్తుంది.

సారుకు నా కాళ్ళు తెలుసు. అందుకే ఆ రోజే చెప్పాడు: "మారండహళ్ళి అమ్మాయి కూడా ఈ పాత్ర నేర్చుకుంటుంది. మీరు కదలకుండా కూర్చోగలిగితే మీరే. లేకపోతే ఆమె జుట్టుకు పౌడరు పూసి కూర్చోబెడతాను." ఆయన కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నాడు. నా వీధివాళ్ళ ముందు, నా కుర్చీలో, ఇరవై ఏళ్ళ పిల్ల నాలాగా ముసలిదై కూర్చుంటుంది.

ఇంట్లో చెప్పాను. నా కొడుకు తాపీమేస్త్రీ, మాట తక్కువ మనిషి. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"బతికుండంగానే పీనిగ యేసమా? ఊళ్ళో తల ఎట్లెత్తుకోని తిరిగేది?"

"సచ్చినాంక యేస్తే చూసేదానికి నేనుండను కద."

"అమ్మా, ఇది ఆటలాడే మాట కాదు. నేను రాను. నన్ను పిలవద్దు." చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

కోడలు మాత్రం నన్ను ఎగాదిగా చూసింది. "యేసం మంచిదో కాదో నాకు తెల్దు. నువ్వు కదలకుండా కూకుంటావా అత్తా? ఆ ఒక్కటీ చూడాలని ఉండాది నాకు."

రోజూ వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కోడలు తన పని చేసుకుంటూ నన్ను పరీక్షించేది. ప్లేటు కింద పడేసేది. ఫోను మోగితే నా ఒళ్ళో పెట్టి పోయేది. ప్లేటుకు ఓర్చుకున్నాను, ఫోనుకూ ఓర్చుకున్నాను. ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి వెనక్కి తిరిగి బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. పాలు పొంగుతున్నాయి. చూస్తున్నాను. మడమ తట్టుతోంది, తెలుస్తోంది. అంచు దాకా వచ్చాయి. అంతే. ఎప్పుడు లేచానో నాకే తెలియదు, చెయ్యి గ్యాసు మీద ఉంది.

కోడలు తిరగకుండానే అంది, "పీనిగ లేచి గ్యాసు ఆపింది."

"పాలు పోతే మళ్ళీ ఎవరు తెస్తారే?"

"సచ్చిపొయ్‌నోళ్ళకు ఆ యోచన ఎందుకత్తా?"

ఎదురింట్లో నా జోడుకత్తె ఉంది. ఇద్దరం కలిసి వయసులో ఉన్నప్పటి నుంచి సిమెంటు మోసినవాళ్ళం. ఆమె ఇంకా పనికి పోతోంది. కంకర కలిపే మిషను పక్కన ఏళ్ళ తరబడి నిలబడి ఆమెకు చెవులు మందమయ్యాయి, అందుకని ఆమెతో వీధంతా వినపడేట్టు మాట్లాడాలి. సాయంత్రం పని నుంచి వస్తూ మా గడప దగ్గర నిలబడి రోజూ అదే మాట.

"ఏం పీనిగా, పాఠం అయిందా?"

"అయింది. నీకేమన్నా నేర్పాల్నా?"

"నాకెందుకే? నేను దినామూ పన్లో సచ్చే వస్తాండా." నవ్వి, మళ్ళీ తనే అనేది, "కూకునేదానికి కూడా చదువు కావాల్నంట. యాడన్నా ఇన్నామా?"

విననిమాట నిజమే. కానీ కూర్చోవడం నాకు రావడం లేదని ఆమెతో ఎట్లా చెప్పను?

చివరి రిహార్సల్ రోజు మొదటి సగం బాగానే కూర్చున్నాను. పిల్లలు నా చుట్టూ పరుగులు పెడుతున్నారు. కొడుకు వేషం అబ్బాయి నా ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టి బెల్టు బిగించుకుంటున్నాడు, ఆఫీసు సంగతి చెప్తున్నాడు. దురద వచ్చింది, చూశాను. మడమ తట్టింది, చూశాను. అప్పుడు కోడలి వేషం అమ్మాయి నీళ్ళ బిందె నడుము మీద పెట్టుకుని వచ్చింది. బట్టల అంగడి పిల్ల, బిందె ఎత్తిన అలవాటు లేదు. బిందె జారుతోంది. నా చెయ్యి పోయి బిందె అడుగు పట్టుకుంది.

అందరూ ఆగిపోయారు. ఆ అమ్మాయి అలవాటు కొద్దీ "థాంక్స్ అవ్వా" అంది. ఎవరో కిసుక్కుమన్నారు.

సారు మారండహళ్ళి పిల్లను పిలిచి కూర్చోమన్నాడు. నేను గోడ పక్కకు పోయి నిలబడ్డాను. ఆ పిల్ల కూర్చుంది. నిజంగా బాగా కూర్చుంది. బిందె జారినా కదల్లేదు, డబ్బా ఒళ్ళోంచి దొర్లినా కదల్లేదు. అంతసేపూ ఆ పిల్ల ఎక్కడైనా కదులుతుందా, కనురెప్పైనా వేస్తుందా అని కళ్ళార్పకుండా చూశాను. కదిలితే బాగుండునని చూశాను. మంచి ఆలోచన కాదు, కానీ వచ్చింది.

అయ్యాక బ్యాంకాయన నాతో అన్నాడు: "అమ్మా, మీరు ఇక్కడ గోడ దగ్గర ఇంతసేపూ బొమ్మలా నిలబడ్డారు. కాలు కూడా ఆడలేదు."

నాకు తెలియనే తెలియదు. సారు ఆ మాట విన్నాడు. నా దగ్గరికి వచ్చి అడిగాడు, "బిందె పట్టుకునే ముందు చెయ్యిలో ఏమైనా తెలిసిందా?"

"మోచేతి దగ్గర తెలిసింది. బిందె మీదికి పోదామని."

"తెలిశాక?"

"తెలిశాక పోయింది."

"ఆ తెలియడానికీ పోవడానికీ మధ్యలో కొంచెం జాగా ఉంటుందమ్మా. అందులో ఉండటమే మనం నేర్చుకుంటున్నది. ఎవరు కూర్చోవాలో సోగత్తూరులోనే చూద్దాం. ఇద్దరూ సిద్ధంగా రండి."

ఆ వారమంతా నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. చెంబు అందుకోబోయేటప్పుడు, చీపురు పట్టుకోబోయేటప్పుడు, ఆ జాగా ఎక్కడుందో వెతుక్కున్నాను. ఉంటుంది. సూది బెజ్జమంత ఉంటుంది. దూరేలోపల అయిపోతుంది. కోడలు, "చెంబు తీసుకునేదానికి ఇంత సేపా?" అని విసుక్కుంది.

ప్రదర్శన రోజు సాయంత్రం వెలుతురు ఉండగానే రేషన్ అంగడి ముందు చాపలు పరిచారు. రెండు ట్యూబులైట్లు కట్టారు. ఒక పక్క పరదా కట్టి దాని వెనక మేము. నేను నా పాత నేత చీర కట్టుకుని కూర్చున్నాను. మారండహళ్ళి పిల్ల వాళ్ళ అవ్వ చీర తెచ్చుకుని కట్టుకుంది, నెత్తికి పౌడరు కొడుతున్నారు. సారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయన కన్ను ఆ పిల్ల మీద నిలిచింది. నాకు తెలిసిపోయింది.

అప్పుడు ఆ పిల్ల తుమ్మింది. ఒక తుమ్ము కాదు, ఆగకుండా తుమ్ముతూనే ఉంది. "పౌడరు సార్," అంటుంది, మళ్ళీ తుమ్ముతుంది. పీనుగ కాలు కదిపితే జనం ఓర్చుకుంటారేమో గానీ, తుమ్మితే ఓర్చుకోరు. సారు నా వైపు తిరిగి కుర్చీ చూపించాడు. నేను పోతూ ఆ పిల్ల ముఖం చూశాను. కొంగుతో మూసుకుని ఉంది. ఆ తుమ్ములు నిజమైనవో కాదో నేను ఈరోజుకూ అడగలేదు.

కూర్చున్నాను. తల కొంచెం వాల్చి, కళ్ళు సగం మూసి. నాకు కనిపించేది అందరి పాదాలు మాత్రమే. ముందు వరసలో నా జోడుకత్తె పాదాలు కనిపించాయి. పని నుంచి నేరుగా వచ్చింది, సిమెంటు కడుక్కోలేదు. నాటకం మొదలైంది. కొడుకు వేషం అబ్బాయి వచ్చి డబ్బా పెట్టాడు, మా వాళ్ళు నవ్వారు. కోడలి వేషం అమ్మాయి వచ్చి కుళాయి గురించి అరిచింది, ఇంకా గట్టిగా నవ్వారు. అందరి ఇళ్ళల్లోనూ అదే కదా. మడమ తట్టింది. ఎవరు నువ్వు అన్నట్టు చూశాను. మళ్ళీ తట్టింది. దురద మెడ కింద పోగులా మొదలైంది, పాకింది. ఊపిరిని వీపు వైపుకు తీసుకోమని సారు నేర్పాడు, అట్లా తీసుకుంటే రొమ్ము లేవదు. తీసుకున్నాను. బిందె వచ్చింది, జారింది. మోచెయ్యి తెలిసింది. ఆ జాగాలో ఉండిపోయాను. నీళ్ళు కొన్ని నా పాదాల మీద పడ్డాయి, చల్లగా. పడనిచ్చాను.

కొంతసేపటికి నవ్వులు తగ్గాయి. ఎందుకు తగ్గాయో నాకు కనిపించదు.

అప్పుడు నా ముందు పాదాలు వచ్చాయి. నాటకంలో అక్కడ ఎవరూ రాకూడదు. పగిలిన మడమలు, సిమెంటు. మెడ మీద ఒక చెయ్యి పడింది, గరుకుగా.

"ఏమే," అంది నా జోడుకత్తె. "ఏమే. పలకవే."

ఎకసెక్కం లేని గొంతు. ఆ గొంతు నేను ఒక్కసారే విన్నాను, మాతో పనిచేసినవాడు గోడకు కట్టిన కొయ్యల సారువ మీది నుంచి పడ్డ రోజు వాడిని పిలిచినప్పుడు. చుట్టూ పిల్లలు బిగుసుకుపోయారు. నేను కళ్ళు తెరిస్తే నాటకం పోతుంది, వేషం పోతుంది. తెరవకపోతే ఈమె ఇట్లాగే నా మెడ తడుముతూ ఉంటుంది. పెదవి కదలకుండా గొణిగాను, "బతికే ఉండా. పోయి కూకో."

"ఏమి?" అంది. చెవులు మందం కదా.

ఇంకోసారి గొణిగాను. ఆమె నా రెండు భుజాలూ పట్టుకుని కుదిపింది. ఇక లాభం లేదు. కళ్ళు తెరిచి, ఆమెకు వినపడేట్టు అరిచాను, "బతికే ఉండా. పోయి కూకోవే."

వీధివీధంతా విరగబడి నవ్వింది. నా కోడలి నవ్వు విడిగా వినిపించింది. జోడుకత్తె నా భుజం మీద ఒక్కటి చరిచింది. "పీనిగా, ఒక మాట ముందే చెప్పి సావకూడదా?" కొడుకు వేషం అబ్బాయికి ఏం చెయ్యాలో తెలియక తన తరువాతి మాట చెప్పేశాడు: "అయ్యో, అమ్మ ఇక లేదే." జనం ఇంకా నవ్వారు. ఏడుపుతో ముగియాల్సిన నాటకం అట్లా ముగిసింది.

పరదా విప్పుతూ సారు చెప్పాడు, తరువాతి ఆట మొరప్పూర్‌లో, అక్కడ మారండహళ్ళి పిల్ల కూర్చుంటుందని. కుర్చీలో ఉన్నవాళ్ళు ఏం జరిగినా లేవరన్న నమ్మకం మీద నడిచే పని కదమ్మా అన్నాడు. ఆయన తప్పు లేదు. తప్పు లేదని తెలిసినా నాకు కోపం వచ్చింది. కుర్చీ నేనే ఎత్తి టెంపోలో పడేశాను.

ఇంటికి పోతూ జోడుకత్తెతో కొట్లాడాను. "ముందు వరసలో కూకోని నా యేసం పోగొట్టినావు. నాటకమని తెల్దా నీకు? పీనిగ యేసమని నువ్వే కదే దినామూ ఎగతాళి చేసింది?"

"తెలుసు."

"తెలిసీ ఎందుకొచ్చినావు?"

ఆమె నాకంటే ముందుకు నాలుగడుగులు వేసింది. తరువాత, "నువ్వు కదల్లేదు కదే," అంది. "ఇన్నేండ్లు నిన్ను చూస్తాండా. నిద్దర్లో కూడా కాలు ఆడిస్తావు. నీళ్ళు కాళ్ళ మీద పడినా కదల్లేదు. నిజంగానే పొయ్‌నావనుకున్నా."

కోపం పోలేదు. కానీ దాన్ని ఎటు తిప్పాలో తెలియలేదు.

మొరప్పూర్‌లో రైల్వే స్టేషను దగ్గర ఆట. మారండహళ్ళి పిల్ల నెత్తికి ఈసారి పౌడరు బదులు తెల్ల రంగు రాశారు. ఆ పిల్ల ఒక్కసారి కూడా తుమ్మలేదు. నాకు పరదా లాగే పని ఇచ్చారు. తాడు పట్టుకుని పక్కన నిలబడి, కాలు ఆడిస్తూ, చివరిదాకా చూశాను. చక్కగా కూర్చుంది. జనం ఏడ్చారు, చప్పట్లు కొట్టారు. లేచి వచ్చి ఆ పిల్ల మెడ మీద చెయ్యి వేసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.